రాకెట్ ప్రైవేటుదైనా పూచీ సర్కారుదే

2022 ఏప్రిల్ 2 శుభకృత్ నామ సంవత్సర ఉగాది. మరాఠీవాళ్ళకు గుఢీ పాడ్వా. ఆ రాత్రి ఎనిమిది కావస్తుండగా విదర్భ ఆకాశంలో నిప్పుల వరుస ఒకటి ఈ చివర నుంచి ఆ చివరకు సాగిపోయింది. ఫోన్లలో వీడియోలు తీసినవాళ్ళలో ఉల్క అన్నవాళ్ళున్నారు, విమానం కూలుతోందని హడలిపోయినవాళ్ళూ ఉన్నారు. కాసేపటికి చంద్రపూర్ జిల్లా సింధేవాహి తాలూకా లాడ్‌బోరి ఊళ్ళో, ఖాళీ జాగాలో ఒక లోహపు చక్రం పడి కనిపించింది. అడ్డంగా సుమారు మూడు మీటర్లు, బరువు నలభై కిలోల దాకా. తర్వాతి రోజుల్లో చుట్టుపక్కల ఊళ్ళలోనూ నల్లటి గోళాలు దొరికాయి. అదృష్టం బాగుండి ఎవరికీ దెబ్బ తగల్లేదు.

అవి చైనా లాంగ్ మార్చ్ 3బి రాకెట్ మూడో దశ తునకలని కక్ష్యల లెక్కలు చూసే నిపుణులు తేల్చారు. 2021 ఫిబ్రవరిలో ఎగిరిన రాకెట్ అది. దాని మూడో దశ వ్యాసం మూడు మీటర్లే కాబట్టి లాడ్‌బోరి చక్రం కొలత కూడా సరిపోయింది. ఇలాంటి దశ తన ఉపగ్రహాన్ని వదిలేశాక బాగా సాగిన కక్ష్యలో ఊరికే తిరుగుతూ ఉంటుంది. ఒక కొస వేల కిలోమీటర్ల ఎత్తున ఉంటే, రెండో కొస రెండు వందల కిలోమీటర్లకు అటూ ఇటూ. కిందికి వచ్చిన ప్రతిసారీ పలచటి గాలి రాసుకుని వేగం కొంచెం తగ్గుతుంది, పై ఎత్తు కొంచెం తరుగుతుంది. ఇలా నెలల తరబడి తరిగి తరిగి చివరికి రాలిపోతుంది. ఎక్కడ రాలుతుందో ముందుగా చెప్పడం మాత్రం కష్టం. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లు పరుగెత్తే వస్తువు విషయంలో లెక్క పది నిమిషాలు తప్పితే చోటు నాలుగున్నర వేల కిలోమీటర్లు తప్పుతుంది.

గోళాలు ఎందుకు కాలిపోలేదని అప్పట్లో చాలామంది అడిగారు. ట్యాంకుల్లో ఒత్తిడి నిలబెట్టడానికి హీలియం లాంటి వాయువు నింపే సీసాలు అవి. లోపల పలచటి లోహం, పైన కార్బన్ ఫైబర్ దారం బిగించి చుట్టిన పొర. సైజుకు తగ్గ బరువు ఉండదు. అందుకే చాలా ఎత్తులో ఉండగానే గాలి వాటి జోరును తుంచేస్తుంది, పూర్తిగా మాడిపోయేంత వేడి వాటికి ఎక్కదు. భారీ యంత్రభాగాలు కరిగిపోయినా ఇవి మాత్రం గుండ్రంగా, చేత్తో ఎత్తి పక్కన పెట్టేలా నేలకు చేరతాయి. చేత్తో ఎత్తకూడదనుకోండి. రాకెట్లలో విషపూరిత ఇంధనాలు కూడా వాడతారు కాబట్టి ముట్టుకోకుండా పోలీసులకు కబురు చేయడమే మంచిది.

ఇక అసలు ప్రశ్న. చాందా (చంద్రపూర్), బల్లార్‌పూర్, రాజురా, గోండ్‌పిప్రి, ఇటు ప్రాణహిత గట్టున సిరోంచ దాకా తెలుగు కుటుంబాలు తరాలుగా ఉన్న ప్రాంతం ఇది. ఆ చక్రం ఏ ఇంటి రేకుల మీదో పడి ఉంటే ఎవరిని అడగాలి? ఇదే జిల్లాలో పులి మనిషిని చంపితే ఎంత ఇవ్వాలో, పశువును పట్టుకుపోతే ఎంతో, అడవి పంది పంట తొక్కితే ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో ప్రభుత్వ ఉత్తర్వుల్లో (జీఆర్‌లలో) రాసి ఉంది. ఫారెస్టువాళ్ళు వస్తారు, పంచనామా రాస్తారు, డబ్బు ఆలస్యంగానైనా వస్తుంది. ఆకాశం నుంచి పడిన దానికి ఊరి రెవెన్యూ ఉద్యోగి తలాఠీ దగ్గర అలాంటి కాగితం లేదు.

కాగితం ఉన్నది ఇంకెక్కడో. 1967 అంతరిక్ష ఒప్పందం, దాన్ని వివరిస్తూ వచ్చిన 1972 నష్టపరిహార ఒప్పందం. భారత్ రెండింట్లోనూ ఉంది. రెండో దాని ప్రకారం ఒక దేశం ప్రయోగించిన వస్తువు భూమ్మీద నష్టం చేస్తే, తప్పు ఎవరిదని నిరూపించాల్సిన పనే లేదు. ఆ దేశం చెల్లించాల్సిందే. అయితే లాడ్‌బోరి రైతు నేరుగా బీజింగ్‌కు అర్జీ పెట్టుకోవడం ఆ ఒప్పందంలో కుదరదు. అతని తరఫున ఢిల్లీ, దౌత్య మార్గంలో, ఏడాది లోపు అడగాలి. 1978 జనవరిలో అణు రియాక్టర్ ఉన్న సోవియట్ ఉపగ్రహం కాస్మోస్ 954 కెనడా ఉత్తరాన మంచు ఎడారిలో కూలినప్పుడు జరిగింది ఇదే. కెనడా సుమారు 60 లక్షల కెనడా డాలర్లు అడిగింది, 1981లో 30 లక్షలకు రాజీ కుదిరింది. ఈ కథలో కంపెనీ అనేదే లేదు.

ఉండదు కూడా, ఎందుకంటే ఆ ఒప్పందాలు రాసినప్పుడు రాకెట్లున్నవి ప్రభుత్వాల దగ్గరే. అయినా 1967 ఒప్పందం ఆరో అధికరణంలో ఒక ముందుచూపు ఉంది. ప్రభుత్వేతర సంస్థలు అంతరిక్షంలో ఏం చేసినా బాధ్యత వాటి దేశానిదే. ఆ దేశం వాటికి అనుమతి ఇవ్వాలి, నిరంతరం కనిపెట్టుకుని ఉండాలి. ప్రైవేటు రాకెట్ల గురించి మనవాళ్ళు చర్చ పెట్టుకున్నప్పుడల్లా ధర గురించి, వేగం గురించి, ఎలాన్ మస్క్ గురించి మాట్లాడతారు. ఈ ఆరో అధికరణం ఊసు ఎవరూ ఎత్తరు. మనుషులను పైకి పంపే విషయంలో మిగతా అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే.

ధర సంగతి చిన్నది అని కాదు. 2015 డిసెంబరులో మస్క్ కంపెనీ స్పేస్ఎక్స్ రాకెట్ ఫాల్కన్ 9 మొదటి దశ ఉపగ్రహాలను పైకి పంపి నిలువుగా నేల మీద దిగింది. 2017 మార్చిలో ఒకసారి వాడిన దశ మళ్ళీ ఎగిరింది. ఇప్పుడు ఒకే దశ ముప్పై సార్లకు పైగా ఎగిరిన సందర్భాలున్నాయి. 2024లో స్పేస్ఎక్స్ ఒక్కటే 130కి పైగా ఫాల్కన్ ప్రయోగాలు చేసింది, అంటే మూడు రోజులకు ఒకటి కన్నా ఎక్కువ. రాకెట్ ఖర్చులో ఇంధనం వాటా చాలా తక్కువ, యంత్రమే ఖరీదు. ఆ యంత్రాన్ని ప్రతిసారీ సముద్రంలో పారేయకపోతే లెక్కే మారిపోతుందని అందరికీ తెలిసిందే, చేసి చూపించింది మాత్రం ఒక ప్రైవేటు కంపెనీ. ఈ విషయంలో దానికి దక్కాల్సిన మెప్పు దానికి దక్కాలి.

మన దగ్గర కూడా 2020 సంస్కరణల తర్వాత కదలిక వచ్చింది. ప్రైవేటు సంస్థలకు అనుమతులిచ్చే ఇన్‌స్పేస్ ఏర్పడింది. 2022 నవంబరు 18న హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ విక్రమ్-ఎస్ శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్ళి బంగాళాఖాతంలో పడింది. 2024 మే 30న చెన్నైకి చెందిన అగ్నికుల్ త్రీడీ ప్రింటింగ్‌లో ఒకే ముక్కగా తయారైన ఇంజన్‌తో, శ్రీహరికోటలోనే తన సొంత ప్రయోగ వేదిక నుంచి ఎగిరింది. బల్లార్షా మీదుగా దక్షిణాదికి పోయే రైలు పట్టాలు విజయవాడ, గూడూరు దాటి సూళ్ళూరుపేట మీదుగానే చెన్నై చేరతాయి. శ్రీహరికోటకు దిగాల్సిన స్టేషన్ సూళ్ళూరుపేటే. అందుకే ఈ సరిహద్దు ఊళ్ళ కుర్రాళ్ళకు ప్రయోగం చూసి రావడం మరీ అందని ముచ్చటేం కాదు.

అసలు మన అంతరిక్ష రంగంలో ప్రైవేటు కొత్తగా వచ్చిందేమీ కాదు. ఇస్రో రాకెట్లలో వాడే వికాస్ ఇంజన్లు ముంబైలో గోద్రెజ్ షెడ్లలో తయారవుతున్నాయి. పెద్ద ఘన ఇంధన మోటార్ల తొడుగులు పుణె జిల్లాలోని వాల్‌చంద్‌నగర్ నుంచి వెళుతున్నాయి. దశాబ్దాలుగా సాగుతున్న పనే. వాళ్ళు ఇస్రో ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం చేసి ఇచ్చారు, రాకెట్ పేలితే మాట పడింది ఇస్రో. ఇప్పుడు మారింది అది. డ్రాయింగ్ కంపెనీది, పెట్టుబడి కంపెనీది, పేలితే నష్టమూ కంపెనీదే. కానీ పేలిన ముక్క పరాయి దేశంలో పడితే? అప్పుడు మళ్ళీ ఢిల్లీ. 2023 జులైలో ఆస్ట్రేలియా పశ్చిమ తీరానికి ఒక పెద్ద గొట్టం కొట్టుకొచ్చింది. అది మన పీఎస్ఎల్వీ మూడో దశే అయి ఉండాలని అక్కడి అంతరిక్ష సంస్థ ప్రకటించింది. చైనా చక్రం గురించి మనం కోప్పడిన ఏడాదికే మన గొట్టం గురించి వాళ్ళు అడిగారు. వాళ్ళు అడిగింది భారత ప్రభుత్వాన్ని, అందులోని ముక్కలు తయారుచేసిన కంపెనీలను కాదు.

ఉపగ్రహాల వరకైతే ఈ పూచీ డబ్బుతో తెగిపోతుంది. బీమా ఉంటుంది, పరిహారం ఉంటుంది. అమెరికాలో ప్రయోగ లైసెన్సు కావాలంటే మూడో వ్యక్తులకు జరిగే నష్టానికి గరిష్ఠంగా 500 మిలియన్ డాలర్ల దాకా కంపెనీ బీమా చూపాలి. ఆపైన ఒక హద్దు వరకు ప్రభుత్వం భరిస్తుంది. మనిషి ఎక్కినప్పుడు ఈ లెక్క సరిపోదు.

ముందుగా ఒక గందరగోళం తీరాలి. అంతరిక్షానికి వెళ్ళొచ్చారు అని పత్రికలు రాసే వార్తల్లో రెండు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. 2021 జులైలో ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన బండ్ల శిరీష వర్జిన్ గెలాక్టిక్ విమానంలో, 2024 మేలో విజయవాడలో పుట్టిన తోటకూర గోపీచంద్ బ్లూ ఆరిజిన్ రాకెట్‌లో వెళ్ళొచ్చారు. ఇద్దరినీ తెలుగువాళ్ళం గర్వంగా చెప్పుకున్నాం, చెప్పుకోవాల్సిందే. కానీ అవి పైకెళ్ళి వెంటనే దిగే ప్రయాణాలు, బరువు లేని స్థితి కొన్ని నిమిషాలే. కక్ష్యలో నిలవాలంటే గంటకు దాదాపు 28,000 కిలోమీటర్ల వేగం అందుకోవాలి. కిలో బరువును వంద కిలోమీటర్లు ఎత్తడానికి కావలసిన శక్తి కన్నా దాన్ని కక్ష్యలో నిలపడానికి ముప్పై రెట్లకు పైగా కావాలి. తిరిగొచ్చేటప్పుడు ఆ శక్తంతా వేడిగా బయటపడాలి. లాడ్‌బోరి ఆకాశంలో కనిపించిన నిప్పు అదే వేడి. వ్యోమగామి కూర్చున్న గది ఆ నిప్పులోంచే రావాలి, లోపల మాత్రం గది ఉష్ణోగ్రత ఉండాలి.

రెండోది, తప్పించుకునే దారి. 1986లో అమెరికా స్పేస్ షటిల్ చాలెంజర్‌లో ఏడుగురూ పోయారు. అందులో ఎగిరేటప్పుడు బయటపడే ఏర్పాటు లేదు. 2018 అక్టోబరులో రష్యా సోయుజ్ రాకెట్ మధ్యలో విరిగిపోతే అలెక్సీ ఒవ్‌చినిన్, నిక్ హేగ్ ఇద్దరూ చెక్కుచెదరకుండా దిగారు, అందులో ఉంది. రాకెట్ చెడిపోవచ్చు, మనుషులు బతకాలి అన్న ఒక్క షరతు పెట్టగానే యంత్రం ఖరీదు, బరువు, పరీక్షల సంఖ్య అన్నీ పెరిగిపోతాయి. ఉపగ్రహ రాకెట్ వంద ప్రయోగాల్లో రెండు విఫలమైతే మంచి రాకెట్ అంటారు. అదే మాట మనుషుల విషయంలో ఎవరైనా అనగలరా?

ఇక్కడ ప్రైవేటు అనుభవం ఏం చెబుతోంది? 2011లో షటిల్ ఆగిపోయాక అమెరికా తన మనుషులను పంపడానికి రష్యా సీట్లు కొనుక్కుంటూ గడిపింది. 2014లో నాసా రెండు కంపెనీలకు పని ఒప్పగించింది: బోయింగ్‌కు 4.2 బిలియన్ డాలర్లు, స్పేస్ఎక్స్‌కు 2.6 బిలియన్లు. తక్కువ తీసుకున్న కంపెనీ 2020 మే 30న ఇద్దరిని పంపింది. ఎక్కువ తీసుకున్న కంపెనీ 2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్‌మోర్‌లను స్టార్‌లైనర్‌లో పంపింది. హీలియం లీకులు, థ్రస్టర్ల (నౌకను నడిపే చిన్న ఇంజన్ల) మొరాయింపుతో కొద్ది రోజుల యాత్ర తొమ్మిది నెలలు సాగింది. మన మీడియాలో ఆమె చిక్కుకుపోయిందని టెన్షన్ పడ్డ ఆ నెలల్లో జరిగిన అసలు ఘట్టం వేరే ఉంది. తమ నౌకలోనే ఇద్దరినీ క్షేమంగా దించగలమని బోయింగ్ అంది. నాసా వద్దంది. స్టార్‌లైనర్ సెప్టెంబరులో ఖాళీగా దిగింది, ఏ ప్రమాదమూ లేకుండానే. వాళ్ళిద్దరూ 2025 మార్చి 18న స్పేస్ఎక్స్ నౌకలో వచ్చారు.

నౌక బాగానే దిగింది కదా, నాసా అనవసరంగా భయపడిందన్నవాళ్ళున్నారు. ఆ వాదన నిలవదు. 2003లో కొలంబియా షటిల్ రెక్కకు నురుగు ముక్క తగిలిన సంగతి కింద ఉన్నవాళ్ళకు తెలుసు, అదేమంత పెద్దది కాదులే అనుకున్నారు. కల్పనా చావ్లా సహా ఏడుగురు తిరిగి రాలేదు. వద్దు అనగల అధికారం, ఆ వద్దు వల్ల తన లాభం పోనివాడి చేతిలో ఉండాలి. కంపెనీ ఇంజనీర్లు చెడ్డవాళ్ళని కాదు దీని అర్థం. ఖాళీగా దింపితే తమ నౌక పరువు పోతుందన్న బరువు వాళ్ళ మీద ఉంటుంది, అంతే.

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 2025 జూన్‌ది. మన వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్ళాల్సిన, అమెరికా కంపెనీ యాక్సియం ఏర్పాటు చేసిన యాక్సియం-4 యాత్ర జూన్ 11న బయల్దేరాలి. ఫాల్కన్ మొదటి దశను నేల మీద మండించి చూసినప్పుడు ద్రవ ఆక్సిజన్ లీకు కనిపించింది. లీకును సరిచేయాల్సిందేనని, సరిచేశాక మళ్ళీ పరీక్షించాల్సిందేనని తమ బృందం పట్టుబట్టినట్టు ఇస్రో ఛైర్మన్ నారాయణన్ తర్వాత చెప్పారు. ప్రయోగం వాయిదా పడింది. జూన్ 25న ఎగిరింది, మర్నాడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరింది, జులై 15న దిగింది. 1984లో రాకేశ్ శర్మ తర్వాత కక్ష్యలోకి వెళ్ళిన భారతీయ వ్యోమగామి శుక్లాయే. వందల ప్రయోగాలు చేసిన స్పేస్ఎక్స్ ముందు, మనిషిని ఒక్కసారి కూడా పంపని సంస్థ ఈ మాట అనగలిగింది. ఎందుకంటే కూర్చోబోయేది తమ మనిషి.

ఈ యాత్రను ప్రైవేటు యాత్ర అనే పిలుస్తారు. సీట్ల డబ్బు ఎవరిచ్చారో చూస్తే తమాషాగా ఉంటుంది. శుక్లా సీటు భారత ప్రభుత్వానిది, మరో రెండు పోలండ్, హంగరీ ప్రభుత్వాలవి. నాలుగో ఆవిడ, కమాండర్ పెగ్గీ విట్సన్, నాసాలో పనిచేసి రిటైరయి యాక్సియంలో చేరినవారు. దిగింది ప్రభుత్వాలు కలిసి కట్టిన కేంద్రంలో. సొంత డబ్బుతో కక్ష్యలోకి వెళ్ళిన కోటీశ్వరులు లేకపోలేదు, వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఉపగ్రహాల బజారు నిజమైన బజారు: టీవీవాళ్ళు, ఇంటర్నెట్‌వాళ్ళు, సైన్యాలు కొంటారు. మనుషుల ప్రయాణాల బజారు ఇంకా చాలావరకు ప్రభుత్వాలు ఒక జేబులోంచి తీసి కంపెనీ చేతిలో పెట్టేదే. ఇది తప్పని కాదు, చౌకగా అయితే మంచిదే. దీన్ని చూసి ఇక ఇస్రో ఎందుకు, అంతా కంపెనీలకు వదిలేయండి అనడమే తొందరపాటు.

పూర్తిగా వదిలేసిన చోట ఏమవుతుందో కూడా అమెరికాలోనే చూడొచ్చు. 2004 చట్టం ప్రకారం అక్కడి విమానయాన సంస్థ ఎఫ్ఏఏ, ప్రైవేటు రాకెట్ ఎక్కే ప్రయాణికుల భద్రతకు నిబంధనలు పెట్టకూడదు. రంగం ఎదగాలని ఇచ్చిన గడువు అది. పొడిగిస్తూ పొడిగిస్తూ 2028 జనవరి 1 దాకా తెచ్చారు. అప్పటిదాకా కింద ఉన్న జనానికి ప్రమాదం లేదని కంపెనీ చూపాలి, పైన కూర్చున్నవాళ్ళకు మాత్రం ప్రమాదం ఉందని చెప్పి సంతకం తీసుకుంటే చాలు. ఇంత పాత గడువు ఇంకా నడవడం విడ్డూరమే.

కింద ఉన్నవాళ్ళ సంగతి అయినా అంత తేలిగ్గా తీరలేదు. స్పేస్ఎక్స్ డ్రాగన్ నౌక కింది భాగంలో ట్రంక్ అనే గొట్టం ఉంటుంది. తిరిగొచ్చే ముందు దాన్ని వదిలేసేవారు. అది గాలిలోనే కాలిపోతుందని అనుకున్నారు. 2022లో ఆస్ట్రేలియా గొర్రెల మేత భూముల్లో, 2024లో కెనడా పొలాల్లో దాని పెద్ద పెద్ద ముక్కలు పడి కనిపించాయి. కంపెనీ చివరికి 2025 నుంచి నౌకలను ఫ్లోరిడా వైపు కాకుండా కాలిఫోర్నియా వైపు దించడం మొదలుపెట్టింది. అలా అయితే ట్రంక్‌ను పసిఫిక్‌లో పడేయొచ్చు. మనుషుల యాత్రలే పొలాల్లో ముక్కలు రాల్చాయన్నమాట.

మన వ్యోమగాములను మన రాకెట్‌లోనే పంపే గగన్‌యాన్‌ను ఆలస్యమైందని తిట్టేవాళ్ళు ఈ నేపథ్యంలో చూడాలి. 2018 ఆగస్టు 15న ప్రకటించారు, ఖర్చు 9,023 కోట్లతో మొదలై 20,193 కోట్లకు చేరింది, ముగ్గురిని 400 కిలోమీటర్ల ఎత్తుకు పంపే రోజు వాయిదా పడుతూ వస్తోంది. ఆలస్యంలో కొంత మన పద్ధతుల నత్తనడక ఉంది, దాన్ని దాచాల్సిన పనిలేదు. కానీ గాలి, తేమ, ఉష్ణోగ్రత చూసే జీవాధార వ్యవస్థను బయటివాళ్ళెవరూ ఇవ్వకపోతే సొంతంగా చేసుకోవాల్సి వచ్చింది. 2023 అక్టోబరు 21న తప్పించుకునే వ్యవస్థను పరీక్షించినప్పుడు కౌంట్‌డౌన్ అయిదు సెకన్ల దగ్గర కంప్యూటర్ దానంతట అదే ఆపేసింది. తప్పు వెతికి, సరిచేసి, అదే ఉదయం పది గంటలకు వదిలారు. గది రాకెట్ నుంచి విడివడి పారాచూట్లతో సముద్రంలో దిగింది. దిగాక తలకిందులుగా తేలింది. లోపల మనిషి ఉంటే అది ఎంత ఇబ్బందో ఊహించొచ్చు. మనిషి లేకుండా తెలిసింది కాబట్టి సరిపోయింది.

మన దేశంలో ప్రైవేటు కంపెనీలు ఇప్పట్లో మనుషులను పంపే ప్రశ్నే లేదు. గగన్‌యాన్ నౌక బరువు ఎనిమిది టన్నులు దాటుతుంది. స్కైరూట్, అగ్నికుల్ లాంటివి కక్ష్యకు చేర్చాలనుకుంటున్నది వందల కిలోలు. పదేళ్ళ పాటు వాటి పని ఉపగ్రహాలదే, మనుషుల యాత్రలకు విడిభాగాలు, పరికరాలు, 2035 నాటికి కట్టాలనుకుంటున్న భారతీయ అంతరిక్ష కేంద్రానికి సామగ్రి. చట్టం రాసుకోవడానికి ఆ వ్యవధి సరిపోతుంది. 2017లో అంతరిక్ష కార్యకలాపాల బిల్లు ముసాయిదా జనం ముందు పెట్టారు, అది చట్టం కాలేదు. 2023లో విధానం వచ్చింది, 2024లో ప్రయోగ రాకెట్ల రంగంలో 49 శాతం దాకా విదేశీ పెట్టుబడికి నేరుగా తలుపు తెరిచారు. పెట్టుబడిదారు ఏం చేయొచ్చో స్పష్టంగా ఉంది. ముక్క పడి ఇల్లు కూలినవాడికి కలెక్టరు ముందుగా ఎంత ఇవ్వాలి, కేంద్రం దాన్ని కంపెనీ నుంచి ఎలా రాబట్టుకోవాలి, రేపు ఏ కంపెనీ అయినా సీటు అమ్మితే చివరి క్షణంలో వద్దు అనే అధికారం ఎవరిది అన్నవి పార్లమెంటు చట్టంలో రాయాల్సిన పంక్తులు.